చెరువు బురదలో చంటిబిడ్డ జాడ

“చంటిపిల్లల పొట్టలో ఉండాల్సిన బాక్టీరియా మన చెరువు బురదలోకి ఎలా వచ్చిందమ్మా?”

పెద్దమేడం ఆ మాట తాపీగానే అడిగింది. ఎదురుగా నిలబడ్డ పరిశోధకురాలు మాత్రం గభాలున గాజుసామాన్ల గది వైపు చూసింది.

ల్యాబులో ఆమెను అందరూ బురదమ్మ అంటారు. రంగుల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊరి చెరువు మళ్ళీ కోలుకుంటోందా లేదా అన్నది ఆమె పరిశోధన. ఎప్పుడు చూసినా చేతిలో బురద సీసాలే. బురదలో ఉండే బాక్టీరియాలో చాలా రకాలు ల్యాబులో పెంచుదామంటే పెరగవు. అందుకని బురదలోంచి డీఎన్ఏ తీసి, బాక్టీరియాలన్నిటిలోనూ ఉండే ఒక జన్యువును చదివిస్తారు. జాతిజాతికీ అందులో అక్షరాలు కాస్త మారతాయి.

“అది వాటి ఇంటిపేరనుకోండి,” అని పెద్దమేడం కొత్తవాళ్ళకు చెబుతుంటుంది. ఆ ఇంటిపేర్లు చూస్తే చెరువులో ఎన్ని రకాలవాళ్ళు కాపురముంటున్నారో తెలిసిపోతుంది. చదివే మిషన్ వీళ్ళ దగ్గర లేదు. ఆ డీఎన్ఏ పోసిన చిన్న గొట్టాలకు సీలు వేసి, వేరే ఊళ్ళో ఉన్న సెంటరుకు పంపుతారు.

“గట్టు మీద ఎవరైనా పిల్లల బట్టలు ఉతికారేమో మేడం...” బురదమ్మ నసిగింది.

“నేనూ అదే అనుకున్నా. కానీ మన పని ఎంత శుభ్రంగా ఉందో తెలియడానికి, బురద వెయ్యని గొట్టం కూడా ఒకటి పంపుతాం కదా. అందులోనూ ఉందట. పొద్దున సెంటరువాళ్ళు ఫోన్ చేసి చెప్పారు. అంటే అది చెరువులోంచి రాలేదు. ఇక్కణ్ణుంచే వెళ్ళింది.”

బురదమ్మ ఇక దాచలేకపోయింది.

“మా బుజ్జిదే మేడం,” అంటూ బావురుమంది.

పాప అత్తగారి దగ్గర ఉందని అందరికీ చెప్పింది. మొన్నటిదాకా అది నిజమే. ఆవిడ జారిపడి తుంటి విరగ్గొట్టుకుని మంచాన పడింది. భర్తది ఓడలో ఉద్యోగం, ఇప్పట్లో వచ్చే దారి లేదు. పాలు తాగే పిల్లను ఎవరికి అప్పగిస్తుంది? ఒక చిన్న గది ఇప్పించమని డైరెక్టరుగారిని అడిగితే, “ఇది పరిశోధనాలయమమ్మా, ఉయ్యాలలు కట్టే చోటు కాదు,” అనేశాడాయన. అప్పట్నుంచీ పాపను గాజుసామాన్ల గదిలో, అట్టపెట్టెలో బొంత పరిచి పడుకోబెడుతోంది. పక్కనున్న ఫ్రీజర్ల హోరులో ఏడుపు బయటికి వినబడదు.

“పాలిచ్చాక చేతులు శుభ్రంగా కడుక్కుని, తొడుగులు వేసుకునే పని చేశాను మేడం. ఎక్కడ పొరపాటైందో... నన్ను తీసేస్తారా?”

“ముందు పిల్లను తీసుకురా.”

బుజ్జిది వచ్చీ రాగానే పెద్దమేడం కళ్ళద్దాలు లాగేసింది. “ఓసి గడుగ్గాయీ! మా బురదలో దూరింది నువ్వేనా?” అంటూ ఆవిడ పాపను చంకనేసుకుంది. “పద, డైరెక్టరుగారి దగ్గరికి.”

“వద్దు మేడం! ఆయనకు తెలిస్తే నా పని అయిపోయినట్టే!”

“ఆయనకే తెలియాలి.”

విషయం వినగానే డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచాడు. “చెరువు గొట్టాలు కల్తీ అయ్యాయా? మన పరువేం కావాలి? ఆ అమ్మాయిని వెంటనే...”

“పంపించేస్తే చెరువు పని ఎవరు చేస్తారు సార్? మీరు దిగుతారా బురదలోకి?”

ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

“ఇవాళ ఈ పిల్ల. రేపు ఇంకొకరి పిల్ల. ఉద్యోగస్తులు పిల్లల్ని కనకూడదని మనం ఆర్డరు వెయ్యలేం కదా! దాచుకుని తెస్తే మళ్ళీ ఇదే గోల. ల్యాబుకు దూరంగా ఆ పాత మిషన్ల గది ఖాళీ చేయించండి. ఓ కుళాయి, ఓ ఆయా. నేనడిగేది సైన్సు కోసం సార్.”

తల్లి కోసం ఇవ్వని గదిని ఆయన బురద కోసం ఇచ్చేశాడు.

తుప్పు సామాను బయటికి పోయింది, గోడలకు సున్నం పడింది. ఆయా వచ్చింది. కొన్నాళ్ళకు ఊడ్చే ఆవిడ తన మనవణ్ణి తెచ్చుకుంది. తల్లి లేని కూతుర్ని పక్కింట్లో వదిలి వచ్చే గుమాస్తా, సిగ్గుపడుతూనే ఆ పిల్లనూ తెచ్చాడు. బుజ్జిది గోడ పట్టుకుని నిలబడ్డం ఆ గదిలోనే నేర్చుకుంది. పని మధ్యలో వెళ్ళి పాలిచ్చి వచ్చినప్పుడల్లా బురదమ్మకు కళ్ళు చెమర్చేవి.

“మీ రుణం ఎలా తీర్చుకోను మేడం?”

“చెరువు సంగతి తేల్చు. చాలు.”

ఒక్క బాధ మాత్రం ఆమెను వదల్లేదు. తన చేతులతోనే తన పని పాడుచేసుకుంది. మళ్ళీ చెరువులో దిగి కొత్తగా బురద తెచ్చింది. డీఎన్ఏ తీసి, సీలు వేసి, పెద్దమేడం సెలవులో ఉండటంతో తానే సెంటరుకు ఫోన్ చేసింది.

“చెరువు గొట్టాలు కల్తీ అయ్యాయని మా మేడంగారికి చెప్పారు కదండీ. తప్పు నాదే. కొత్తవి పంపుతున్నాను, పాతవి పారేయండి.”

అవతలి మనిషి తికమకపడ్డాడు.

“మేం చెప్పామా? మా మిషన్ చెడిపోయి చాన్నాళ్ళయిందమ్మా. ఆలస్యమవుతుందని అప్పుడే మీ మేడంగారికి ఫోన్ చేశాం.”

“మరి ఫలితాలు?”

“మీ గొట్టాల సీలు ఇంకా తియ్యనే లేదు!”