ఒడిలో ఒంటి పండు

సోనారిలోని మా ఇంటి నుంచి ఆసుపత్రికి ఆటోలో వచ్చినంతసేపూ మా అమ్మాయి దేవి వణుకుతూనే ఉంది. ల్యాబులో నిలిచిన పిండాలు రెండు. కవలలైతే తల్లికే గండమని, గట్టిదాన్ని ఒక్కదాన్నే కడుపులో పెడతానంది డాక్టరమ్మ. నీరసపుదాన్ని మంచులో గడ్డకట్టించి తర్వాతకి దాచుతారట.

“ఒడిలో ఒంటి పండు ఎట్టరు గదా నాన్నా! రెండూ ఎట్టమను.”

“పిచ్చి తల్లీ!” గుళ్లో భజన నడిపేటప్పుడు ఉరిమినట్టే ఉరిమాను. “భారతంలో తల్లి కడుపు మీదికి బ్రహ్మాస్త్రం తరుముకొస్తే స్వామి చక్రం అడ్డేసి కాసింది ఎన్ని పిండాలనుకున్నావు? ఒక్కటే! వంశమంతా దాంతోనే నిలిచింది. బయ్యమేటి?”

దేవి కళ్లు తుడుచుకుంది.

“ఆయన కాసింది గట్టిగున్నదాన్నా, కాలిపోతన్నదాన్నా?”

“కాలిపోతన్నదాన్నే.”

“అయితే ఆ నీరసపుదాన్నే ఎట్టమను నాన్నా. గట్టిది ఎన్నాళ్లైనా ఆగుతాది. అది ఆగనేదు.”

నర్సు తలుపు తీసి పిలిచింది. ఇన్ని శ్లోకాలు నోటికొచ్చిన నేను, డాక్టరమ్మతో చెప్పాల్సిన ఆ ఒక్క మాట కూడబలుక్కుంటూ లోపలికి నడిచాను.