ఎండ డ్యూటీ

“నలభై మందికీ పరీక్ష చేశాను. అందరికీ ఊపిరితిత్తుల జబ్బే,” అన్నాడు డాక్టరు, రిపోర్టులు బల్ల మీద పెడుతూ. “డి విటమిన్ కూడా అందరికీ తక్కువే. ముప్పై ఉండాల్సింది తొమ్మిదీ, పదీ. ఈ జబ్బున్నవాళ్లలో అది మామూలే. కానీ...”

మేనేజరు గారికి “కానీ” తర్వాత మాటలు వినే అలవాటు లేదు.

“చూశారా! నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. వీళ్లకి ఎండ తగలడం లేదండీ!”

అది బండరాళ్లు కోసి పలకలు చేసే కార్ఖానా. రంపాలు తిరుగుతుంటే పక్కనున్న మనిషి ముఖం కనిపించదు. సాయంత్రానికి కుర్రాళ్ల కనుబొమలు కూడా నెరిసిపోతాయి. దుమ్ము లాగే మిషను పెట్టించమని తనిఖీ అధికారి ఇప్పటికి రెండుసార్లు రాశాడు. మూడు నెలల్లో మళ్లీ వస్తాడు. జబ్బు దుమ్ము వల్ల కాదని అప్పటికి రుజువు చేయకపోతే మిషను పెట్టి తీరాలి. అది వస్తేనన్నా ఊపిరి దక్కుతుందని పనివాళ్ల ఆశ. దాని పేరెత్తితేనే మేనేజరు గారికి ఒళ్లు మంట.

మర్నాడే ఎండ డ్యూటీ మొదలైంది. పదకొండింటికి ఈల వేస్తారు. అందరూ చొక్కాలు విప్పి ఆవరణలో నిలబడాలి. పది నిమిషాలు అటు తిరిగి, పది నిమిషాలు ఇటు తిరిగి. ఉతికిన దుప్పట్లకి కూడా అంత మర్యాద జరగదు.

మొదటిరోజే ఒకడు నోరు విప్పాడు. తోటివాళ్లు అతన్ని ప్లీడరు అంటారు. ఇరవై ఏళ్లుగా రంపం దగ్గరే పని. నాలుగు మాటలకొకసారి దగ్గు.

“బయట ఇరవై నిమిషాలు ఎండ, లోపల ఎనిమిది గంటలు దుమ్ము. ఇదెక్కడి వైద్యం సార్? ఆ మిషనేదో పెట్టించండి.”

“నువ్వేమన్నా డాక్టరువా?”

“కాదండీ. దగ్గేవాణ్ణి.”

అంతే. ఆ పూటే అతనికి గేటు చూపించారు. మిగతావాళ్లు కిక్కురుమనకుండా చొక్కాలు విప్పారు.

మూడు నెలల పాటు ముప్పై తొమ్మిది వీపులు మాడాయి. “బావా, ఇటు తిరుగు, ఈ పక్క ఇంకా కాలలేదు,” అని ఒకరినొకరు ఏడిపించుకున్నారు. నవ్వొస్తే దగ్గొస్తుంది, అందుకని నవ్వు కూడా పొదుపుగానే. మేనేజరు గారు ఏసీ గది అద్దంలోంచి అన్నీ చూసుకున్నారు. ఆయనకి ఎండ పడదు, పాపం.

తనిఖీ రోజు రానే వచ్చింది. పెద్దలకి షామియానా, పనివాళ్లకి మామూలు ఎండే. డాక్టరు కొత్త రిపోర్టులు తీశాడు.

“మొదటి జాబితాలో ఒక్కర్నీ వదలకుండా మళ్లీ పరీక్ష చేశాను. డి విటమిన్ దాదాపు అందరికీ పెరిగింది. ఊపిరి మాత్రం ఒక్కడికే మెరుగుపడింది. దగ్గు సగానికి సగం తగ్గిపోయింది. టోకెన్ నంబరు పదిహేడు. కానీ...”

“ఒక్కడు చాలండీ!” మేనేజరు గారు ఎగిరి మైకు అందుకున్నారు. “అయ్యా, ఇదిగో మా ఎండ మహిమ! ఇంక మిషన్లెందుకు చెప్పండి? పదిహేడో నంబరూ, ముందుకి రావయ్యా! నీ నోటితో నువ్వే చెప్పు!”

ఎవరూ కదల్లేదు. పనివాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అధికారి పెన్ను మూత తీసి ఎదురుచూస్తున్నాడు.

“సిగ్గెందుకయ్యా, రా!”

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. పాపం, చెవిలోనే చెప్పాడు. కానీ మైకు మేనేజరు గారి గడ్డం కిందే ఉంది.

“పదిహేడంటే మొదటిరోజే మీరు గెంటేసిన ప్లీడరండీ, ఇప్పుడు సినిమా హాల్లో టార్చిలైటు పట్టుకుని పొద్దస్తమానం చీకట్లోనే ఉంటున్నాడు!”