కిటికీలోంచి విసిరిన పుస్తకం

“మొదటి వరుసలో కళ్లజోడు తుడుచుకుంటున్నారే, ఆవిడెవరు?” తెర సందులోంచి చూస్తూ అడిగాడు ఇంజనీరు.

“గుర్తుపట్టేశారా సార్!” సభ నడిపిస్తున్న అమ్మాయి మొహం చాటంత అయింది. “మీ లెక్కల టీచరే. మీకు తెలియకుండా దాచాం. మీ తర్వాత మాట్లాడేది ఆవిడే, అదీ మీ గురించే.”

ఇంజనీరు గబుక్కున తెర వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాడు.

వంతెనలు కట్టడంలో ఆయనకెంత పేరుందో, ఏ కోర్సు చదవాలో ఏ ఉద్యోగం చెయ్యాలో పిల్లలకు చెప్పే ఇలాంటి సభల్లో ఆయన చెప్పే కథకూ అంతే పేరుంది. ఏడో తరగతిలో లెక్కల టీచరు తన నోటుపుస్తకాన్ని కిటికీలోంచి విసిరేసి, ‘నీ లెక్కలతో కోళ్ల గూడు కూడా నిలబడదురా’ అందట. ఆ పంతంతోనే ఇంతవాడయ్యాడట. ఆయన కూతురు ఆ మాటను కాగితం మీద రాసి, చదువుకునే బల్ల ఎదురుగా గోడకు అంటించుకుంది. ఇవాళ మూడో వరుసలో కూర్చుని ఉంది.

చిక్కల్లా ఒకటే. టీచరు ఆ మాట అననే లేదు. బడి వదిలాక రోజూ గంటసేపు పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా లెక్కలు నేర్పింది, అంతే. పదేళ్ల కిందట మొదటి సభలో ఆ నిజమే చెబితే పిల్లలు ఆవలించారు. రెండో సభకల్లా పుస్తకం కిటికీలోంచి ఎగిరింది.

“ఆవిడకి నా కథ తెలుసా?” అడిగాడు.

“భలేవారే! మీ వీడియో చూడనిదెవరు సార్? రిటైరయ్యాక ఆవిడకీ తీరిక లేదు. మీ టీచరని తెలిసి, వచ్చి మాట్లాడమని ఏ బడివాళ్లూ వదలడం లేదు.”

“నేనొస్తున్నానని చెప్పారా?”

“పొద్దున్నే చెప్పాం. ‘తనూ వస్తున్నాడా?’ అని రెండుసార్లు అడిగారు. అప్పట్నుంచీ కాఫీ కూడా ముట్టలేదు. ఆనందం సార్!”

ఆనందమా, పాడా! ఇంజనీరు మళ్లీ తొంగిచూశాడు. టీచరు మడతపెట్టిన కాగితాన్ని గుప్పిట్లో నలిపేస్తోంది. పెదవులు బిగుసుకున్నాయి. వేదిక వైపు చూసి చటుక్కున తల దించుకుంది. అంత కోపం ఆమె మొహంలో ఆయనెప్పుడూ చూడలేదు. మైకు అందుకుని ‘వీడు చెప్పిందంతా అబద్ధం’ అంటే? ఆరువందల మంది పిల్లలు ఫోన్లు పైకెత్తితే? కూతురు మొహం తలుచుకోగానే ఆయనకు ముచ్చెమటలు పోశాయి.

“నాకు ఒంట్లో బాగాలేదమ్మా, వెళ్లిపోతాను.”

“అమ్మో, మీ పేరు పిలిచేశారు సార్!” అంటూ ఆ అమ్మాయి ఆయన్ని దాదాపు నెట్టింది.

వెళ్లి మైకు ముందు నిలబడ్డాడు. ఆవిడ చెప్పకముందే తనే చెప్పేస్తే కాస్తయినా పరువు మిగులుతుందనిపించింది.

“నేనిన్నాళ్లూ చెప్పింది అబద్ధం,” అన్నాడు. “మా టీచరు నన్ను పల్లెత్తు మాట అనలేదు. పుస్తకం విసరలేదు. రోజూ గంటసేపు కూర్చోబెట్టి నేర్పారు. అదే నా కథ.”

మూడో వరుసలో కూతురు లేచి నిలబడింది. కళ్లు తుడుచుకుని చప్పట్లు కొట్టింది. ఆ వెంటనే హాలు దద్దరిల్లింది.

బతుకుజీవుడా అనుకుంటూ దిగి, తిన్నగా టీచరు దగ్గరికి వెళ్లాడు. “క్షమించండి టీచర్.”

ఆమె తలెత్తలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఎంత పని చేశావు నాయనా,” అంది, వినీ వినపడనట్టుగా.

“ఇప్పుడు టీచరుగారు మాట్లాడతారు!” మైకులో పిలుపు వినిపించింది. ఆమె లేవబోయి మళ్లీ కూలబడింది. చేతిలోని కాగితం జారి కిందపడి విచ్చుకుంది. ఇంజనీరు వంగి తీశాడు.

పైన పెద్ద అక్షరాలతో ఉంది: ‘ఆ పుస్తకం నేనెందుకు విసిరాను?’