ఎర్రకారు పోయే బాట

మలుపు తిరగ్గానే బలరాం గట్టిగా బ్రేకు తొక్కాడు.

రోడ్డు మధ్యలో ఒక ముసలాయన. చేతిలో గడ్డపార, కాళ్ల దగ్గర అప్పుడే తవ్విన మట్టి.

కారును చూసి పక్కకు జరిగాడు. చెయ్యెత్తి నవ్వాడు.

"ఏందిది? రోడ్డెందుకు తవ్వుతున్నవ్?" అద్దం దించి అడిగాడు బలరాం.

ముసలాయన ఏదో చెప్పాడు. కోయ మాటలు. బలరాంకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.

ముందుకు పోనిచ్చాడు గానీ అద్దంలో వెనక్కి చూస్తూనే ఉన్నాడు. తవ్విన రోడ్డు కనబడితే కింద మందుపాతర ఉందేమోనని జనం బస్సులు దిగి నడిచిపోతున్న రోజులవి.

బలరాంది జూలూరుపాడు దగ్గరి తండా. టేకులపల్లి అవతల, అడవి అంచున ఉన్న బ్యాంకులో ఉద్యోగం. రోజూ రానుపోను ఆ ఎర్ర స్పోర్ట్స్ కారులోనే.

రెండే తలుపులు, రెండే సీట్లు. హైదరాబాదులో ఎవరో వాడి వాడి వదిలించుకున్న బండి. మీటరు ఎప్పుడో రెండు లక్షల కిలోమీటర్లు దాటింది.

"దాన్ని అమ్మి మంచి బండి కొనరాదూ!" అని భార్య సువర్ణ పోరు.

బలరాం వినేవాడు కాదు. ఇంజన్ విప్పించి రింగులు మార్పించాడు. కొత్త క్లచ్ వేయించాడు. వెడల్పు టైర్లు తొడిగించాడు. తాను చాయ్ తాగకముందే దాని ఆయిలూ నీళ్లూ చూసేవాడు.

ఆమధ్యే కొత్త షాకబ్జర్లు వేయించి, కారును ఇంకాస్త నేలకు దించాడు.

"మన రోడ్లకు గింత కిందికి వద్దు సార్. రాళ్లు తాకి ఇంజన్ కింది ఆయిల్ చాంబర్ పలుగుతది," అన్నాడు కొత్తగూడెం మెకానిక్ తుల్సీరాం.

మళ్లీ కలిసినప్పుడు బలరాం నవ్వాడు. "ఏం పలగలే తమ్మీ. మొదట్ల రెండుసార్లు తాకింది గనీ, ఇప్పుడు గా గుంతల రోడ్డు మీద కూడ వెన్న లెక్క పోతున్నది. షాకబ్జర్లంటే గివ్వి!"

ముసలాయన ఎదురైన రోజు చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ కారు ఆపాడు.

"దారిల ఏమన్న కనబడ్డదా సార్?"

బలరాం ఒక్క క్షణం తటపటాయించాడు. రేపు మళ్లీ ఆ దారినే రావాలి. ఇంట్లో సువర్ణ ఒక్కతే ఉంటుంది.

"వాగు మలుపు కాడ ఒక ముసలాయన రోడ్డు తవ్వుతున్నడు. అడిగితే సరిగ్గ చెప్తలేడు."

సాయంత్రం తిరిగి వస్తుంటే పోలీసు జీపు ఎదురైంది. వెనక ఇద్దరు పోలీసుల నడుమ ముడుచుకుని కూర్చున్నాడు ముసలాయన.

ఎర్రకారును చూడగానే మళ్లీ చెయ్యెత్తబోయాడు. పోలీసు ఆ చేతిని కిందికి నొక్కాడు.

బలరాం చూపు తిప్పుకున్నాడు. అయినా ఒక గండం గడిచిందనుకున్నాడు.

కొన్ని రోజులు వాన దంచికొట్టింది. తెరిపిచ్చిన రోజు అదే మలుపులో కారు కింద ఫెళ్లుమంది. బండి ఆగింది. దిగి చూస్తే నల్లటి ఆయిలు ధారగా కారిపోతోంది.

కబురందుకుని తుల్సీరాం మోటారుసైకిల్ మీద వచ్చాడు. కారు కిందికి దూరి చూశాడు.

"పలిగింది సార్. గీ గుంతలల్ల ఇన్ని దినాలు ఎట్ల తోలినవ్?"

"షాకబ్జర్లు..."

"షాకబ్జర్లు గుంతలు పూడుస్తయా సార్?"

బలరాం వంగి చూశాడు. గుంత అంచుల్లో ఇంకా మొరం మట్టి అంటుకుని ఉంది. గట్టిగా దిమ్మిస కొట్టిన మొరం. నడుమ భాగం వానకు కొట్టుకుపోయింది.

కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని వస్తున్న ఒకామె ఆగింది.

"సీతయ్య ఉంటె ఎప్పటికప్పుడు పూడుస్తుండె. పాపం, ఆయన్ను పోలీసులు పట్టుకపోయిండ్రు."

బలరాం వెంటనే తుల్సీరాం మోటారుసైకిల్ అడిగి తీసుకుని స్టేషన్‌కు ఉరికాడు.

"నేను తప్పు చెప్పిన సార్. ఆయన తవ్వలే, గుంతలు పూడ్చిండు."

"నిన్ననే ఇడిచిపెట్టినం. ఇంక నువ్వు పో," అన్నాడు ఎస్సై, తలెత్తకుండానే.

సీతయ్య గూడెం అడిగి తెలుసుకుని వెళ్లాడు. గుడిసె ముందు విస్తరాకులు కుడుతున్న కోడలు నాగక్క గబగబా లేచింది.

"మీరా సారూ! కూసోండ్రి," అంటూ మంచం వాల్చింది.

తానెవరో ఈమెకెలా తెలుసో బలరాంకు అర్థం కాలేదు.

"సీతయ్య ఉన్నడా?"

"లేడు. నిన్న ఇంటికొచ్చి గంజి కూడ తాగలే. మళ్ల పట్టుకపోతరని గోదారి దాటి పోయిండు. ఇంక ఈ దిక్కు రానన్నడు." ఆమె చేతిలోని విస్తరాకు పక్కన పెట్టింది. "ఎవరు పట్టిచ్చిండ్రో తెల్వదు. సదువుకున్నోళ్లు గద సారూ, మీరు అడిగితే చెప్తరేమో. మామ ఏం పాపం చేసిండు?"

బలరాం తల దించుకున్నాడు. "ఆ రోడ్డు పని ఆయనకెవరు చెప్పిండ్రు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలే. మీ కారు కడుపు రాళ్లకు తాకుతున్నదని చూసిండు. అప్పటిసంది ఎవరు వద్దన్నా ఇనలే."

"నా కారు కోసమా? ఎందుకు?"

అప్పుడే గుడిసెలోంచి ఒక చిన్నపిల్ల వచ్చి తల్లి కొంగు పట్టుకుంది. పిల్ల మడమ మీద నల్లగా మానిన గాయం.

బలరాంకు నిరుటి వాన గుర్తొచ్చింది. రోడ్డు మీద అడ్డంగా పరుగెత్తుకొచ్చిన తల్లి, ఆమె చేతుల్లో నురగలు కక్కుతున్న పిల్ల, కొత్త సీటంతా బురద. దవాఖానా మెట్ల దగ్గర దించి, పేర్లయినా అడక్కుండా వచ్చేశాడు.

నాగక్క పిల్ల తల నిమిరింది.

"పాము కుట్టిన నా బిడ్డను బతికిచ్చిన కారని, దానికి దెబ్బ తాకొద్దని, పొద్దుగాల్నే పోయి మొరం పోసేటోడు సారూ, దీని తాత."