వణకని చెయ్యి

ఆ గురువారం సీమోను బస్సు డిపో నుంచి రెండు గంటలు ముందే ఇంటికొచ్చాడు.

తలుపుకు లోపల గడియ పెట్టి ఉంది. కిషన్‌బాగ్ గల్లీలో పట్టపగలు ఏ ఇంటికీ గడియ ఉండదు.

రెండుసార్లు తట్టాక భార్య సుందరమ్మ తీసింది. ఆమె వెనకే, ఖాళీ గంప చంకన పెట్టుకుని ఒక బక్కపలచని మనిషి బయటికొచ్చాడు.

"నమస్తే అన్నా" అని తల వంచుకుని వెళ్ళిపోయాడు.

"ఎవడు వాడు?"

"ఓదెలన్న. అంగూర్లు అమ్ముతడు. కార్వాన్ నుంచొస్తడు."

"మరి అంగూర్లేవి?"

సుందరమ్మ పొయ్యి దగ్గరికి నడిచింది. సీమోనులో అనుమానం నిప్పులా రాజుకుంది.

పక్కింటి కాశమ్మ దానికి నెయ్యి పోసింది.

"మూడు నెలల సంది ప్రతి గురువారం వస్తుండు సీమోనన్నా. తలుపేసుకొని గీ అమ్ముడేందో నాకైతే సమజ్ గాలే."

మూడు నెలలు! తన ఒళ్ళు చెడింది సరిగ్గా అప్పుడే. కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది, చేతులు వణికి బోల్టుకు నట్టు ఎక్కేది కాదు. దవాఖానాలో డాక్టరు తాగుడు సంగతి అడిగాడు.

"షరాబ్ పీతే?"

"తోబా తోబా! నహీ సాబ్."

"కల్లు? సారా?"

"ముట్టను సాబ్."

సీమోను అబద్ధమాడలేదు. అతను తాగేది ద్రాక్షారసం. పక్క గల్లీలో జాడీల్లో పులియబెట్టి అమ్మేది. పన్నెండేళ్ళుగా రోజూ రెండు సీసాలు. దాన్ని వైను అన్నా ఊరుకునేవాడు గాని, షరాబు అంటే మాత్రం మండిపడేవాడు.

"చర్చిల ఇచ్చేదాన్ని షరాబంటవా?" అని ఒకసారి సుందరమ్మ మీదికి చెంబు విసిరాడు.

ఇప్పుడు పొట్ట తగ్గింది. అన్నం సహిస్తోంది. అంతా ద్రాక్షారసం బలమేనని అతని నమ్మకం. కానీ ఆ సంతోషం ఎక్కడ నిలిచింది? రోగిష్టి మొగుణ్ణి చూసి చూసి పెళ్ళాం మనసు ఇంకొకడి మీదికి పోయిందన్న దిగులు ముందు, ఏ బలమూ బలంలా అనిపించలేదు.

ఆ సాయంత్రం సుందరమ్మ ద్రాక్షారసం గ్లాసులో పోసిచ్చింది. గొంతులో ఘాటుగా దిగింది.

"ఈ నడుమ సరుకు మస్తుగున్నది. గొంతుల మంట పుడుతున్నది."

సుందరమ్మ చిన్నగా నవ్వింది.

పన్నెండేళ్ళలో ఎన్నడూ గ్లాసు పోస్తూ నవ్విన మనిషి కాదు. ఎవణ్ణి తలుచుకుని నవ్విందో అని సీమోను ఉడికిపోయాడు.

మళ్ళీ గురువారం డ్యూటీకి ఎగనామం పెట్టి గల్లీ మలుపులో కాపు కాశాడు.

ఓదెలు గంప నిండా ద్రాక్షపళ్ళతో వచ్చాడు. వస్తూ వస్తూ రెండుచోట్ల ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"నన్ను కాదని గీ పచ్చకండ్లోడా!" అని సీమోనుకు ఇంకా ఒళ్ళు మండింది. గడప దగ్గరే అడ్డుపడి చెంప మీద ఒక్కటిచ్చాడు.

గంప పడింది. అంగూర్లు గల్లీ అంతా దొర్లాయి.

ఓదెలు చెంప తడుముకోలేదు. ఎత్తి ఉన్న సీమోను చేతినే చూశాడు. మొహం వెలిగిపోయింది. తలుపు తీసిన సుందరమ్మ వైపు తిరిగాడు.

"చూసినవా అక్కా! చెయ్యి వణుకుతలేదు."

ఎగతాళి! సీమోను ఇంకొకటిచ్చాడు. ఓదెలు కూలబడ్డాడు.

"వద్దయ్యా! నీ కాళ్ళు మొక్కుత!" సుందరమ్మ అడ్డొచ్చి ఏడ్చింది.

"నువ్వేం చెప్పకక్కా" అన్నాడు ఓదెలు, గోడ పట్టుకుని లేస్తూ. "ఇంక రెండు వారాలే. ఓపిక పట్టు."

రెండు వారాలే! అంటే లేచిపోవడానికి ముహూర్తం కూడా పెట్టుకున్నారన్నమాట.

"మళ్ళ నా గడప తొక్కితే బొక్కలిరుగుతయి బిడ్డా!"

ఓదెలు మళ్ళీ రాలేదు. రెండు గురువారాలు సీమోను తలుపు దగ్గరే కూర్చుని కాపలా కాశాడు.

మూడో గురువారం పొద్దున్నే ఎవరో కబురు తెచ్చారు. సుందరమ్మ కొంగు నెత్తిన కప్పుకుని కార్వాన్ వైపు పరుగులాంటి నడక నడిచింది. సీమోను పళ్ళు నూరుతూ వెంటపడ్డాడు.

ఆమె వెళ్ళిన ఇంటి ముందు జనం గుమిగూడి ఉన్నారు. లోపల చాప మీద ఓదెలును పడుకోబెట్టారు. కప్పిన తెల్లగుడ్డ పొట్ట దగ్గర ఎత్తుగా ఉంది. తల దగ్గర అతని భార్య నాగమణమ్మ కూర్చుంది. సుందరమ్మ ఆమె ఒళ్ళో పడి భోరుమంది.

చచ్చినవాడి మీద కూడా సీమోనుకు ఈర్ష్య చావలేదు.

"నీకేమైతడని గింత ఏడుస్తున్నవ్?"

నాగమణమ్మ తలెత్తింది.

"సీమోనన్నవు నువ్వేనా? దవాఖాన లైన్ల నీ ఎనక మా ఆయనే నిలబడ్డడు. షరాబు ముట్టనని నువ్వు చెప్తుంటే నీ నోటి వాసన చూసిండట. నీ ఎనకనే వచ్చి మీ ఇల్లు చూసుకున్నడట. ఇంటికొచ్చి ఏడ్చిండు. 'నేను సుత గట్లనే చెప్పిన నాగమణీ, నాది వైను, షరాబు కాదని. తెలిసేటాలకు లివరు ఎండిపోయింది. గాయనన్నా బతకాలె' అన్నడు."

గూట్లోంచి ఒక సీసా తీసి సీమోను చేతికిచ్చింది.

"మొన్న కూసోలేక కూసోని పిండిండు. నీకియ్యమన్నడు."

సీమోను ఒక గుక్క తాగాడు. గొంతులో అదే ఘాటు, అదే మంట. రోజూ తను మెచ్చుకున్నదే.

"ఇందుల ఏం కలిపిర్రు?"

సుందరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఉత్త అంగూర్ల రసం, చిటికెడు శొంఠి. ఒక్కసారి ఆపితే పానం మీదికొస్తదని, వారం వారం నీ సీసాల వైను తగ్గించుకుంట, గీ రసం పెంచుకుంట వచ్చిండు. నువ్వు రావద్దన్నంక నేనే కార్వాన్ పోయి తెచ్చిన. నువ్వు వైను చుక్క ముట్టక ఇయ్యాలకు వారమైందయ్యా, నువ్వు గాయన్ని కొట్టిన ఆ చేతి వణుకు ఆపింది గాయనే."