మొగిలమ్మ చీర

"రేపు పాపను తిరిగి ఇచ్చేసొస్త అమ్మా," అంది మౌనిక.

సువార్తమ్మ పొయ్యి ఆపి వెనక్కి తిరిగింది. కూతురి భుజం మీద పాప ఒళ్లు విరుచుకుని ఏడుస్తోంది. శిశువుల ఆశ్రమం నుంచి తెచ్చుకున్న రోజు మొదలు అదే వరస. భర్త ప్రవీణ్ ఎత్తుకుంటే కాసేపు ఊరుకుంటుంది. మౌనిక చేతుల్లోకి రాగానే మెడ దగ్గర ముక్కు పెట్టి వెతికి, కావలసింది దొరకనట్టు మొహం తిప్పేసుకుంటుంది. మౌనిక తట్టుకోలేనిది అదే. ఇక చాతకాక పాపను తీసుకుని అతనితో కలిసి ఖిలా వరంగల్‌లోని తల్లి ఇంటికి వచ్చింది.

పెళ్లయి ఇన్నేళ్లు దవాఖానలన్నీ తిరిగి అలసిపోయాక, దత్తత తీసుకుందామని భార్యాభర్తలు అనుకున్నారు. ఆ మాట చెప్పిన రోజు సువార్తమ్మ కొంగుతో మొహం తుడుచుకుని వంటింట్లోకి పోయింది. తల్లికి ఇష్టం లేదని మౌనిక అప్పుడే అనుకుంది.

"జర ఓపిక పట్టు బిడ్డా. పసిది, నీ వాసన ఎరగదు."

"నువ్వు కన్నతల్లివి. నా బాధ నీకేం తెలుస్తది?"

సువార్తమ్మ అల్లుడి వైపు తిరిగి, ఆశ్రమంలో పాపను పెంచిన ఆయా ఎవరని అడిగింది. మొగిలమ్మ అని చెప్పాడు ప్రవీణ్. ఆమె కట్టి విడిచిన చీర ఒకటి, ఉతకనిది, అడిగి తెమ్మంది.

ప్రవీణ్‌కు అది వింతగా తోచలేదు. వ్యవసాయశాఖలో పనిచేసే అతను పత్తి చేలల్లో లింగాకర్షక బుట్టలు కట్టిస్తుంటాడు. బుట్టలో పెట్టే ఎరకు ఆడ పురుగు వాసన ఉంటుందని, ఆ వాసన పట్టుకునే మగ పురుగు చేనంతా దాటి వస్తుందని రైతులకు చెబుతుంటాడు. చీమలు దారి చెప్పుకునేదీ, తేనెటీగలు తమ పట్టులోవాళ్లను గుర్తుపట్టేదీ వాసనతోనే. పాపకూ ఇంకా మాటలు రాలేదు కదా అంటూ బండి తాళం తీసుకున్నాడు.

మాసిన నీలం చీరతో తిరిగొచ్చాడు. పాలపొడి, కొబ్బరినూనె, ఫినాయిలు, ఎవరిదో చెమట కలిసిన వాసన. ఇంకొకరి చీర కట్టుకుని బిడ్డను మోసం చెయ్యాలా అని మౌనికకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తల్లి మాట తీసెయ్యలేక కట్టుకుంది.

పాప ఏడుస్తూనే కొంగులో మొహం దూర్చింది. ఏడుపు ఎక్కిళ్లయింది. కాసేపటికి అవీ ఆగాయి. పాప నిద్రపోయినా మౌనిక కూర్చోవడానికి భయపడి అలాగే నిలబడింది.

అలా నిలబడే చిన్నతనంలోకి వెళ్లిపోయింది. నాన్న దేవదానం మట్టికోట వెంట బర్రెలను తోలుకొచ్చే వేళకు తను అమ్మ కొంగు కింద ఉండేది. పిడకల పొగ, పాలు, చెమట కలిసిన ఆ వాసన లేకపోతే నిద్ర పట్టేది కాదు. హాస్టల్‌కు పోయినప్పుడు కూడా అమ్మ పాత చీర పెట్టెలో పెట్టుకుపోయింది. పక్కింటి సోమక్క తనను చూసి ఎప్పుడూ అనేది, "అచ్చం నీ ముక్కే సువార్తా" అని.

ఒకసారి దూడ చచ్చిపోయి బర్రె పాలివ్వలేదు. అమ్మ తల్లిలేని దూడనొకదాన్ని తెచ్చి, ఎలాగో పిండిన ఆ బర్రె పాలే నాలుగు చుక్కలు దాని ఒంటికి రుద్ది ముందు నిలబెట్టింది. బర్రె వాసన చూసింది, నాకింది, పాలు చేపింది. ఆ రోజు అమ్మ ఎందుకో గుంజకు ఆనుకుని చాలాసేపు ఏడ్చింది.

మౌనిక ఆ నీలం చీరను ఉతక్కుండానే కట్టుకుంటూ వచ్చింది. మొగిలమ్మ వాసన పలచబడి తన వాసన పట్టింది. ఒక పొద్దున స్నానం చేసి మరిచిపోయి తన చీరే కట్టుకుంది. సోమక్క ఒళ్లో ఉన్న పాప ఆమెను చూసి చేతులు చాపింది. మౌనిక ఎత్తుకుంది. పాప మెడ దగ్గర ముక్కు పెట్టి వెతికింది. మొహం తిప్పుకోలేదు. అక్కడే కళ్లు మూసుకుంది.

సోమక్క పోయాక మౌనిక తల్లి పక్కన చేరింది. నా బాధ నీకేం తెలుసని ఆ రోజు నోరు జారానని, మనసులో పెట్టుకోవద్దని చెప్పింది.

"ఈ ఉపాయం నీకు మన బర్రె దగ్గర తెలిసింది కదమ్మా?"

సువార్తమ్మ పాప తల నిమిరింది.

"బర్రె దగ్గర కాదు బిడ్డా, నిన్ను తెచ్చుకున్ననాడు."