గోడకి వీరాభిమాని

మెట్లెక్కేసరికి ఆవిడకి ఆయాసం వచ్చింది. గ్యాలరీలో పైనుంచి రెండో వరుస. మూడేళ్ళుగా అదే చోటు. ఆస్పత్రి లాండ్రీలో పొద్దుటి షిఫ్టు ముగించుకుని, తడి దుప్పట్లు పిండిన చేతులతోనే బస్సెక్కి వచ్చింది.

"ఒంట్లో బాలేదన్నారుగా, ఈ వారం మానేస్తారనుకున్నా అక్కా," అన్నాడు సెలూన్ నడిపే అతను, పక్కకి జరుగుతూ.

"పెద్ద క్లబ్బువాళ్ళు చూడ్డానికొస్తుంటే ఎలా మానేస్తాను తమ్ముడూ?" అని ఆవిడ కూలబడింది.

రిటైరైన పోస్టుమాస్టరు అప్పటికే నోట్‌బుక్ తెరిచి కూర్చున్నాడు. ముగ్గురూ మైదానంలోకి చూశారు. గోడ వచ్చాడు.

అకాడమీ హాకీ జట్టులో డిఫెండర్ అతను. ఆ పేరు వీళ్ళు పెట్టిందే. పదహారేళ్ళప్పుడు గోడ కాదు, ఉత్త తడిక. బంతి కనబడితే చాలు ముందుకి ఉరికేవాడు. వెనక గుమ్మం బార్లా తెరిచినట్టుండేది. పోనుపోను ఓపిక నేర్చాడు. స్టిక్ నేలకి ఆనించి, వెనక్కి నడుస్తూ, ఎదుటివాడు తప్పు చేసేదాకా ఆగడం నేర్చాడు. ఇప్పుడు పందొమ్మిది. ఏ నెలలో ఏం నేర్చాడో పోస్టుమాస్టరు నోట్‌బుక్కులో తేదీలతో సహా ఉంది.

కానీ ఆ కుర్రాడి కోసం ఆవిడ పడే ఆరాటం ముందు వీళ్ళిద్దరిదీ ఏ మూలకి?

"ఈ సీజన్లోనే వాడు ప్రొఫెషనల్ క్లబ్బుకి వెళ్ళిపోవాలి," అనేది మ్యాచ్ మ్యాచ్‌కీ.

"తొందరేముందమ్మా? అకాడమీలో ఇరవై ఒకటి నిండేదాకా ఉంచుకుంటారు. వాడికింకా రెండేళ్ళుంది," అనేవాడు పోస్టుమాస్టరు.

"వాడికుంది," అనేది ఆవిడ నీరసంగా.

"పిందె పండవద్దూ?"

"పండింది మాస్టారూ. పండినా కొమ్మ వదలకపోతే ఎవరికి లాభం?"

హాకీలో ఆటగాణ్ణి ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. అయినా కోచ్ గోడని ఊపిరి పీల్చుకోడానికి కూడా బయటికి పిలిచేవాడు కాదు. "పిల్లాడి ఒళ్ళు హూనమైపోతోందయ్యా! కాసేపు కూర్చోబెట్టు!" అని గొంతు చించుకునేది ఆవిడే.

ఊరికే అరిచి ఊరుకునే మనిషి కూడా కాదు. గోడ అడ్డుకున్న బంతులన్నీ ఫోన్లో వీడియో తీసి పెద్ద క్లబ్బుకి పంపేది. పదకొండు సార్లు పంపితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. పన్నెండోసారికి జవాబొచ్చింది, మనిషిని పంపిస్తున్నామని.

"మీకు పిల్లల్లేరా అక్కా?" అని సెలూన్ అతను ఒకసారి మొహమాటపడుతూనే అడిగాడు.

"ఒక్కడు. ఖాళీగా కూర్చుంటున్నాడు."

"ఈ కాలం పిల్లలంతే," అని అతను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

పోయిన ఏడాది గోడకి మోకాలు బెణికింది. నాలుగు వారాలు ఆట లేదు. గోడ లేని ఆట ఏం చూస్తామని గ్యాలరీ సగం ఖాళీ అయింది. ఆవిడ మాత్రం ఒక్క మ్యాచ్ మానలేదు. ఆ నాలుగు వారాలూ గోడ చోట్లో దిగిన కుర్రాడు అడుగడుక్కీ తడబడ్డాడు. మొదటి మ్యాచ్‌లోనే అయిదు గోల్స్.

"వీడు జల్లెడ! నీళ్ళే కాదు, రాళ్ళు కూడా ఆగట్లేదు," అన్నాడు సెలూన్ అతను. గ్యాలరీ అంతా నవ్వింది. ఆ పేరే ఖాయమైంది.

"ఏడాదికోసారి దింపితే ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి," అంది ఆవిడ.

"మీది మరీ జాలిగుండె అక్కా."

నాలుగో మ్యాచ్‌లో ఒకే ఒక్క గోల్ పడింది. అయిదోదానికి గోడ తిరిగొచ్చాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. ఆవిడ కూడా లేచింది, కాస్త ఆలస్యంగా.

ఈరోజు గోడ తన పేరు నిలబెట్టుకున్నాడు. ఒక్క బంతి దాటనివ్వలేదు. చివరి నిమిషంలో పెనాల్టీ కార్నర్‌కి ఎదురు పరిగెత్తి, దూసుకొచ్చిన బంతిని స్టిక్‌తో పక్కకి నెట్టేశాడు. ఈల మోగింది. క్లబ్బు నుంచి వచ్చిన మనిషి కిందికి దిగి, కోచ్‌తో రెండు మాటలు మాట్లాడి, గోడ భుజమ్మీద చెయ్యి వేశాడు. ఎల్లుండే ప్రయాణమట.

పోస్టుమాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సెలూన్ అతను గంతులేశాడు. ఆవిడ మాత్రం మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"వాణ్ణి కన్నతల్లి కూడా ఇంత సంతోషపడదు అక్కా!"

"అలిసిపోయాను తమ్ముడూ," అంది ఆవిడ. "ఇవాళ్టికి కాస్త ఒడ్డున పడ్డట్టుంది."

కుర్రాళ్ళు గోడని భుజాల మీద ఎక్కించుకుని గేటు దాకా ఊరేగించారు. పోస్టుమాస్టరు నోట్‌బుక్ మూసి, ఇక రాయడానికేముందన్నట్టు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. సెలూన్ అతను బస్సు దాకా తోడొస్తానన్నా, మీరు పదండంది.

గ్యాలరీ ఖాళీ అయ్యాక ఒక్కో మెట్టూ దిగింది. డ్రెస్సింగ్ రూము పక్క తలుపు దగ్గర ఓ వారగా నిలబడింది. లోపలి సందడి సద్దుమణిగింది. ఒక్కొక్కరే సంచులు భుజాన వేసుకుని బయటికొచ్చి, ఆవిణ్ణి చూడకుండానే దాటిపోయారు. అందరికన్నా ఆఖర్న వచ్చినవాడు మాత్రం ఆగాడు.

"వచ్చే ఆదివారం నన్ను దింపుతారటమ్మా," అన్నాడు జల్లెడ.